ముడి మిగిలిన కొమ్మ

ముందు కాలివేళ్ళు. కుడికాలివి కదులుతున్నాయి, బూటు లోపల మేజోడు తడిగా తగులుతోంది, చెమటే అనుకుందాం. ఎడమకాలివి కూడా కదులుతున్నాయి గానీ ఆ కదలిక ఎక్కడో పక్కింట్లో జరుగుతున్నట్టుంది, మధ్యలో బండి ఉంది కదా, బండి మొత్తం మోకాలి కిందిభాగం మీద కూర్చుంది. తర్వాత చేతివేళ్ళు. తర్వాత మెడ, అదీ తిప్పకుండా, లోపల్లోపలే అడిగి చూసుకోవాలి. హెల్మెట్ తియ్యకూడదు. లేవడానికి తొందరపడకూడదు. పడ్డవాడికి ముందు వచ్చేది సిగ్గు, నొప్పి దాని వెనకాల తీరిగ్గా వస్తుంది, ఆ సిగ్గుతో గబుక్కున లేవబోయి ఒకటి విరిగినవాడు రెండు విరగ్గొట్టుకుంటాడు అని ఎంతమందికి చెప్పానో. ఇక్కడ సిగ్గుపడదామన్నా చూసేవాళ్ళు లేరు. పైన ఆకాశం, హెల్మెట్ గాజుకి అంటిన మట్టి వెనకాల, పొద్దుటి ఎరుపు ఇంకా పూర్తిగా పోనే లేదు. ఇంజన్ దానంతటదే ఆగింది. చెయ్యి చాపితే పెట్రోల్ కుళాయి అందింది, కట్టేశాను, అయినా వాసన వస్తూనే ఉంది, పక్కనే సైలెన్సర్ బూటుకి ఆనుకుని తోలుని మెల్లగా కమరబెడుతోంది. బూటు లేకపోతే కమిలేది తోలు కాదు. మొదటిసారి తొడిగించినప్పుడు వాడు షెడ్డు అంతా గంతులేసి నవ్వాడు, ఇవేసుకుంటే ఇనపపెట్టెలో కాళ్ళు పెట్టుకున్నట్టుంది బావా అని. వాడంటే మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు. ఈ దారిలో ఇప్పుడే నాకంటే ముందు వెళ్ళినవాడు.

వాడు ముందు, నేను వెనక. ఎప్పుడూ అంతే. మట్టిదారుల మీద బండి నడపడం నేర్చుకోవడానికి వచ్చే జనాన్ని మేమిద్దరం మధ్యలో పెట్టుకుని తీసుకెళ్తాం, ముందు వాడు దారి చూపిస్తాడు, వెనక నేను మిగిలిపోయినవాళ్ళని ఏరుకుంటూ వస్తాను. జనం లేని రోజు కూడా అదే వరస. వానలు వెలిశాక, కొత్తవాళ్ళని తేకముందు మేమిద్దరమే దారంతా ఒకసారి నడిపి చూసుకోవాలన్నది నేను పెట్టిన నియమం. నిన్న వాడు అన్నాడు, నువ్వెందుకు బావా, మోకాలు బాలేదంటున్నావు, నేను చూసొస్తాలే అని. పర్లేదురా అన్నాను. నా మోకాలి మీద వీడికెంత బెంగ అనుకున్నాను. అనుకుని మురిసిపోయాను కూడా, చెప్పుకోవడానికేముంది. దుమ్ము సర్దుకోవడానికి మధ్యలో ఎడం వదిలాను. కాళ్ళు పెట్టుకునే పెగ్గుల మీద నిలబడి, మోకాళ్ళతో ట్యాంకు నొక్కి పట్టి, మోచేతులు బయటికి పెట్టి, ముందు చక్రాన్ని కాకుండా దూరంగా దారిని చూస్తూ, అంతా ఎలా ఉండాలో అలాగే వస్తున్నాను. చూపు ఎటుంటే బండి అటే పోతుంది. నా చూపు సరిగ్గానే ఉంది. మలుపు తిరిగేసరికి సూర్యుడు కొండభుజం మీద నుంచి నేరుగా కళ్ళల్లో పడ్డాడు, రెండువైపులా పొదలు, అన్నీ ఒక్కలాంటివే, ఇక్కడెక్కడో గుర్తు కట్టాను కదా, అది కనిపించలేదు, అంటే ఇంకా ఆ చోటు రాలేదన్నమాట, అనుకున్నంతలో కింద నేల లేదు. బ్రేకు పట్టేశాను. ఎగరడానికి చాలని వేగం, ఆగడానికి మించిన వేగం. ముందు చక్రం ముక్కు పట్టుకుని కిందికి లాగింది.

గుర్తులు నావే. ఒక్క ఎర్ర గుడ్డ ఉంటే నెమ్మదించు. రెండు ఉంటే ఆగు, దిగు, నడిచి వెళ్ళి చూసి రా. చదువు రాకపోయినా, భాష తెలియకపోయినా, కళ్ళుంటే చాలు. నాకు బళ్ళో పలకతో పెద్దగా స్నేహం కుదరలేదు, అందుకే అక్షరాలు అక్కర్లేని గుర్తులంటే ఇష్టమేమో. ఈ చోట రెండు కట్టాను. నిరుడు వాన నీళ్ళు దారిని కోసుకుపోయి నిలువెత్తు గట్టు తేలింది ఇక్కడ, మలుపులోంచి వచ్చేవాడికి పక్కన చేరేదాకా కనపడదు. ఎడమవైపు బండల వెనక నుంచి చుట్టుదారి తీశాను, పొదలు నరికి, రాళ్ళు దొర్లించి, వాడూ నేనూ కలిసి. మధ్యాహ్నం దాకా పట్టింది. గుడ్డలు కట్టింది మాత్రం నేనే, గట్టుకి ముందు కుడిపక్కన ఉన్న ముళ్ళచెట్టు కొమ్మకి, కంటి ఎత్తులో. తల తిప్పకూడదని ఇప్పుడే అనుకున్నాను, కళ్ళు తిప్పొచ్చు కదా. కళ్ళు తిప్పితే ఆ చెట్టు కనిపిస్తోంది. కొమ్మ కనిపిస్తోంది. కొమ్మ మీద ముళ్ళు, ముళ్ళ మధ్య రెండు ముడులు. నేను వేసినవే, రెండుసార్లు చుట్టి కిందనుంచి లాగిన ముడులు. ముడులున్నాయి. గుడ్డలు లేవు.

గాలికి చిరిగిందనుకుందామని చూశాను. మనసు ముందు మంచి మాటే వెతుక్కుంటుంది, ఇంత వయసొచ్చినా దానికి బుద్ధి రాలేదు. గాలి చించితే పీలికలుంటాయి. ఇవి నున్నగా ఉన్నాయి, ముడి పక్కనే, ఒక్క గీతలో. కత్తి. ముడి కనపడితే విప్పనివాడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. మా ఇంట్లో సరుకుల సంచీకి కట్టిన పురికొస దగ్గర్నుంచి, షెడ్డులో సామాన్ల అట్టపెట్టె దాకా, ఆఖరికి తన బూటు తాడు చిక్కుపడితే దాన్ని కూడా. ఒరేయ్ విప్పితే మళ్ళీ పనికొస్తుందిరా అని నేనంటే, ఇంత తాడుకి ఆస్తులు రాసిచ్చేలా ఉన్నావు బావా అని జేబులోంచి చిన్న కత్తి తీసి టక్కున కోసేవాడు. మా ఆవిడ నవ్వేది. నేనూ నవ్వేవాడిని. ఆ టక్కు మన్న చప్పుడే ఇప్పుడు ఈ కొమ్మ మీద వినిపిస్తోంది.

ఎందుకు కోశాడు. కళ్ళు ఇటు తిప్పాను, నేను పడిన వైపు. పడేటప్పుడు నేల మెత్తగా తగిలింది, అప్పుడు అనుమానం రాలేదు, దెబ్బ తగలకుండా ఉంటే ఎవడూ నేలని అనుమానించడు. గట్టు కింద రాళ్ళుండాలి. లేవు. రాళ్ళు ఏరేశారు. మట్టి తెచ్చి వాలుగా పోసి, పార వెనకతో కొట్టి, నీళ్ళు చల్లి గట్టిపరిచారు, అంచులకి పలకలు పాతారు. పైనుంచి ఎగిరినవాడు దిగడానికి. ఇది గట్టు కాదిప్పుడు, బళ్ళు ఎగిరే దూకుడు. చక్రాల అచ్చులున్నాయి, ఒకటి కాదు, ఒక దాని మీద ఒకటి, కొత్త టైర్లవి, ముళ్ళు ఇంకా అరగనివి. మా షెడ్డులో అంత కొత్త టైర్లు ఎవరికీ లేవు. పక్కన పొదకి చిక్కుకుని పసుపు ప్లాస్టిక్ పట్టీ ముక్క, షోరూం ఆయన తన బళ్ళ చుట్టూ కట్టే పట్టీ. ఆయన సంగతి మూడు ముక్కల్లో తేలిపోతుంది. అద్దాల షోరూం పెట్టాడు, బళ్ళు అమ్ముతాడు, అమ్మిన బళ్ళు గాల్లో ఎగురుతుంటే వీడియో తీయించి ఇంకా అమ్ముతాడు. నన్ను ఒకసారి పిలిచాడు, చల్లటి గదిలో కూర్చోబెట్టాడు. జనం ఎగరడానికి వస్తారండీ, మీరు వాళ్ళని నడిపిస్తున్నారు అన్నాడు. ముందు దిగడం వస్తే ఎగరొచ్చు అన్నాను. ఆయన నవ్వి నా పక్కనున్నవాడి వైపు చూశాడు. నా పక్కనున్నది మా బావమరిది. వాడు ఆ రోజు నేలకేసి చూశాడు, నా తరఫున సిగ్గుపడుతున్నాడని నాకు అప్పుడు తట్టలేదు, ఆయన మాటకి కోపం వచ్చి చూశాడనుకున్నాను.

బ్రేకుల మాస్టారు. నాకు జనం పెట్టిన పేరు. ముఖం మీద అనరు, వెనకాల అంటారు, వెనక వచ్చేది నేనే కాబట్టి అన్నీ వినపడతాయి. బూటు లేకపోతే బండి ఎక్కనివ్వడు, మోకాలి కవచం చూపిస్తేగానీ కిక్కు కొట్టనివ్వడు, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు ముందు నుంచీ వెనక నుంచీ చూస్తాడు. ఒకడు అన్నాడు, ఈయన పుట్టినప్పుడు కూడా ముందు దిగి నడిచి చూసొచ్చి ఉంటాడురా అని. ఆ జోకు నాకు నచ్చింది, ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె నవ్వలేదు. అంత కఠినంగా ఉంటే ఎలా, మనుషులు నిలబడొద్దూ అంది, పొయ్యి దగ్గర అటు తిరిగి. ఆ వంటిల్లు ఇప్పుడు ఎంత దగ్గరగా వచ్చిందో, గోడకి ఆనించిన మడత కుర్చీ, సింకు మీద ఎప్పుడూ కారే కుళాయి, రేపు మారుస్తా రేపు మారుస్తా అని నేను వాయిదా వేస్తున్న ఆ వాషర్. ఈమధ్య నేను వెళ్ళేసరికి అక్కాతమ్ముళ్ళు ఏదో మాట్లాడుకుంటూ ఉండటం, నన్ను చూడగానే మాట కుళాయి మీదికి మళ్ళటం. ఇదిగో మీ బావ వచ్చాడు, వాషర్ మారుస్తాట్ట. ఇద్దరూ నవ్వటం. నేను స్టూలు లాక్కుని కూర్చోవటం. నా నెత్తిన పెట్టిన టోపీ నాకే కనపడలేదు. పడుకునే ముందు మోకాలికి మందు రాస్తూ అంది, నువ్వింక షెడ్డు చూసుకుంటే చాలదా, రిపేర్లు చేసుకో, దారుల మీదికి వాడు వెళ్తాడు, వయసులో ఉన్నాడు. ఆ చేతులు ఎప్పటిలాగే ఉన్నాయి, వెచ్చగా, బొటనవేలు కీలు చుట్టూ తిప్పుతూ. మోకాలి మీద ప్రేమ అనుకున్నాను మళ్ళీ. నా మోకాలికి ఈ మధ్య ఎంతమంది చుట్టాలో.

కాలు మొద్దుబారుతోంది. నొప్పి ఉన్నంతసేపు కాలు మనదే, నొప్పి పోతే భయపడాలి. మెడలో విజిలుంది. గడ్డం కింద, చొక్కా లోపల, తాడుకి. మా జనం అందరి మెడల్లోనూ ఉంటుంది, అదీ నా నియమమే. మూడుసార్లు ఊదితే సాయం కావాలని. చెయ్యి అందుతుంది, పెదాలకి అందుతుంది, హెల్మెట్ గడ్డం కిందనుంచి దూర్చొచ్చు. ఊదితే కొండకి కొట్టుకుని అవతల లోయలోకి కూడా వినిపిస్తుంది. ఊదలేదు. ఇంకో నియమం ఉంది. దారి చీలిన చోట ముందువాడు ఆగాలి, వెనకవాడు కనిపించేదాకా కదలకూడదు. ఎంతకీ కనిపించకపోతే ముందుకి పోకూడదు, వచ్చిన దారినే వెనక్కి రావాలి. మిగతావన్నీ బండి కోసం, ఇది మనిషి కోసం అని చెప్పేవాడిని. ముందు, గట్టు దాటి కొంచెం దూరంలో, దారి రెండుగా చీలుతుంది. వాడు అక్కడ ఆగాడా, పోయాడా. నేను విజిల్ ఊదితే పిలిచినందుకు వచ్చినవాడవుతాడు. ఊదకుండా వస్తే, నేను నేర్పినదాంట్లో ఇంకా ఏదో మిగిలినట్టు. రాకపోతే. రాకపోతే కూడా నాకు తెలియాలి. ఈ కాలు పోయినా సరే ఇది తెలియాలి అనిపిస్తోంది, ఇది పొగరంటారేమో, అననీ. గుడ్డలు కోసినవాడు నియమాన్ని కూడా కోసేశాడా అన్నది ఒక్కటి తెలిస్తే చాలు.

గుడ్డలు. వాటిని కుట్టింది మా ఆవిడే. కిటికీకని కొన్న ఎర్రకర్టెను పొడుగు చాలకపోతే పీలికలు చేసి, పోగులు లేచిపోకుండా అంచులు మడిచి మిషను మీద కుట్టింది, వాటికి కూడా అంచులా అని నేనంటే, ఎండకీ వానకీ నిలబడొద్దూ అంది. అన్నీ తెల్లదారంతో కుట్టింది, ఎర్రదారం అయిపోయిందని. ఆ తెల్ల అంచు. తెల్ల అంచు ఇవాళ పొద్దున చూశాను. ఎక్కడ. పెరట్లో, బళ్ళు బయటికి తీస్తుంటే. మా బావమరిది తన బండి వెనక పెట్రోల్ డబ్బా కట్టుకున్నాడు, డబ్బా చుట్టూ ఎర్రగుడ్డ, కదలకుండా. వెలిసిపోయిన గుడ్డ. బండి సంచీలో కొత్తవి ఉన్నాయి కదా, ఎర్రగా, మడత విప్పనివి, వీడికేం కర్మ ఈ పాతది కట్టుకున్నాడు అనుకున్నాను. అనుకుని హెల్మెట్ పెట్టుకున్నాను. ఎండలో సంవత్సరం ఉంటేగానీ ఆ రంగు రాదు. సంచీలో ఉన్నది వెలవదు. ఈ కొమ్మ మీద ఉన్నదే వెలుస్తుంది. మా ఆవిడ గుమ్మంలో కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడింది. డబ్బా వైపు చూసింది. తన చేత్తో కుట్టిన అంచు, తన తెల్లదారం, తనకి తెలియదా. ఇది ఇక్కడికెలా వచ్చిందిరా అని అడగాలి కదా. చూసింది, తమ్ముడి వైపు చూసింది, చీరకొంగుతో గ్లాసు అంచు తుడిచి లోపలికెళ్ళిపోయింది. జాగ్రత్త అని ఎప్పుడూ అనే మాట ఇవాళ అనలేదు. నేను కిక్కు కొట్టే హడావిడిలో ఉండి, అనకపోవడాన్ని వినలేదు.

అందరికీ తెలుసు. షోరూం ఆయనకి తెలుసు, పారలు పట్టుకొచ్చిన వాళ్ళకి తెలుసు, ఆ కొత్త టైర్ల వాళ్ళకి తెలుసు, నాతో నిన్న షెడ్డులో కూర్చుని బ్రేకుల మాస్టారూ టీ చెప్పనా అన్నవాడికి తెలిసే ఉంటుంది. మా ఇంటి కుళాయికి తెలుసు. వాడు నన్ను పడేద్దామని చెయ్యలేదు, అది నాకు తెలుసు, అంత దూరం పోను. చుట్టుదారి దగ్గర నెమ్మదించి నన్ను అటు తిప్పుదామనుకునే బయల్దేరి ఉంటాడు, అసలు నేను రాకూడదనే నిన్న నువ్వెందుకు బావా అన్నాడు. ఈ దూకుడు మీద ఎన్నిసార్లు ఎగిరాడో, చేతులు అలవాటుపడిపోయాయి, మలుపు రాగానే చేతులే గేరు మార్చాయి, ఎగిరాడు, దిగాడు, పోయాడు. వెనక ఎవరొస్తున్నారు, తెలిసినవాళ్ళే కదా. తెలిసినవాళ్ళలో నేను లేనన్న సంగతి వాడికి గుర్తులేదు. దాచడం కూడా పాతబడిపోయి, దాస్తున్నానని మర్చిపోయేంత. పడేద్దామనుకుని పడేస్తే వాడి కళ్ళముందు నేనున్నట్టయినా ఉండేది.

ఎక్కడో ఇంజను. కొండల్లో చప్పుడుని నమ్మకూడదు, దగ్గరిది దూరంగా, దూరానిది దగ్గరగా వినిపిస్తుంది. అది వాడి బండే, చైను బిగించుకోమని చెప్తే బిగించుకోడు, ఆ గలగలా వాడిదే. నిలకడగా ఉంది, కదలడం లేదు, అంటే చీలిక దగ్గర ఆగే ఉన్నాడన్నమాట. విజిల్ నా గుప్పిట్లో ఉంది. ఎప్పుడు తీశానో. చప్పుడు పెరిగింది, ఒక్కసారి పెద్దదైంది, తగ్గింది, పోతోంది, పోతోంది, పోనీ. కళ్ళు మూసుకున్నాను. విజిల్ ఇనుము చేతి తొడుగులోంచి కూడా చల్లగా తగులుతోంది. మళ్ళీ చప్పుడు, ఈసారి చుట్టుదారి వైపు నుంచి, బండల వెనక, నెమ్మదిగా, మొదటి గేరులో. నేను అటు తిరిగానేమోనని వెతుకుతున్నాడు. చుట్టుదారిన వచ్చాడు.

బండి పడేసి పరిగెత్తుకొచ్చాడు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు, కదలకు బావా కదలకు, కాలివేళ్ళు కదుపు, మెడ ఎలా ఉంది, హెల్మెట్ తియ్యకు అంటున్నాడు, అన్నీ వరసగా, ఒక్కటీ తప్పకుండా. నా పాఠం నాకే అప్పజెప్తున్నాడు. తర్వాత నా గుప్పిట్లో విజిల్ చూశాడు.

"ఊదలేదేం బావా?"

నేను కొమ్మ వైపు చూశాను. వాడూ చూశాడు. నా బండి క్లచ్ మీద పడిన మట్టిని బొటనవేలితో తుడవడం మొదలుపెట్టాడు, అదేదో ఇప్పుడు చెయ్యాల్సిన పనైనట్టు.

"చెప్దామనుకుంటూనే ఉన్నా" అన్నాడు. "నువ్వు ఒప్పుకోవని..."

"మీ అక్కకి తెలుసా?"

తుడుస్తూనే ఉన్నాడు. క్లచ్ ఎప్పుడో శుభ్రమైపోయింది.

"అక్కే చెప్పొద్దంది. సీజన్ మొదలయ్యాక మెల్లగా చెప్దాం, నిన్ను షెడ్డులో పెట్టి, అంతా బాగానే ఉందని చూపించి... నీ మంచికే బావా. నీ మోకాలు..."

"రెండో గుడ్డ ఏది?"

వెనక్కి తిరిగి తన డబ్బాకి చుట్టిన గుడ్డ వైపు చూశాడు.

"మట్టి పనప్పుడు చేతులు తుడుచుకున్నాం" అన్నాడు. "ఎక్కడో పడిపోయింది."

వాడు లేచి బండి పట్టుకోబోయాడు. ఉండు అన్నాను. ముందు అది కట్టు. ఏది అన్నాడు. నీ డబ్బాకి ఉన్నది, ఎక్కడ కోశావో అక్కడ కట్టు, సంచీలోంచి ఇంకో కొత్తది తీసి దాని పక్కన కట్టు, ఆ మలుపులోంచి ఎవడైనా రావచ్చు, వచ్చి నా మీద పడతాడు, లేకపోతే నీ మీద. ముందు నిన్ను లేపనీ బావా, కాలు నలిగిపోతోంది అన్నాడు. ముందు అది అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, షోరూం ఆయన గదిలోలా చల్లగా.

డబ్బా దగ్గరికెళ్ళి జేబులోకి చెయ్యి పెట్టాడు.

"కత్తి వద్దు. విప్పు."

చేతి తొడుగులు తీసి పారేశాడు. ముడి దుమ్మూ పెట్రోలూ పట్టి రాయిలా అయింది, గోళ్ళతో గీరాడు, పళ్ళతో పట్టి లాగాడు, ఉమ్మేశాడు, మళ్ళీ పట్టాడు. అలవాటు లేని పని. భుజాలు వణుకుతున్నాయి, ఏడుస్తున్నాడో, ముడితో పెనుగులాడుతున్నాడో ఇటునుంచి తెలియడం లేదు. నా కాలి మీద బండి ఇంకో కొంచెం సర్దుకుని కూర్చుంది. అరవలేదు. ఎండ కంట్లోకి వచ్చింది, కళ్ళు మూసుకుంటే ఎర్రగా, తెల్ల అంచుతో, పెరటి గుమ్మం, గ్లాసు తుడుస్తున్న చెయ్యి. తెరిచాను. గట్టు పక్కన ఎక్కుతున్నాడు. నా పాత ముడుల పక్కనే వెలిసినది ఒకటి కట్టాడు, కొత్తది ఒకటి. కట్టి, రెండింటినీ పట్టి లాగి చూశాడు, ఊడుతుందేమోనని. చూడమని నేను చెప్పలేదు.

దిగి వచ్చాడు. మోచేతుల మీద ముళ్ళు గీరుకుని రక్తం. ఇప్పుడు లేపనా అన్నట్టు నా మొహంలోకి చూశాడు. హ్యాండిల్ పట్టుకోకు, అది తిరిగితే మళ్ళీ కాలి మీదే పడుతుంది, వెనక చక్రం వైపు నుంచి లేపు అని చెప్పబోయాను. వాడు అప్పటికే వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు, నడుం వంచకుండా, బరువంతా తొడల మీదికి తీసుకుని, అచ్చం నేను నేర్పినట్టే.